గాలి కన్నం

"గోడకి కన్నం వెయ్యాలి పిన్నిగారూ," అన్నాడు పొయ్యిలు బిగించే లోరిస్, కొత్తది పెట్టాల్సిన మూలని చేత్తో తట్టి చూసి.

కాఫీ కప్పు అతని చేతికి ఇవ్వబోతున్న దెల్ఫీనా ఆగిపోయింది.

"పొయ్యి ఎందుకు కొనుక్కుంటారు నాయనా?"

"వెచ్చగా ఉంటుందని."

"మరి కన్నం ఎందుకు వేస్తారు?"

"గాలి రావడానికి."

"డిసెంబర్‌లో మన కొండల మీంచి వచ్చే గాలి ఎలా ఉంటుంది?"

లోరిస్ నవ్వేశాడు. "చల్లగానే ఉంటుందండీ."

"అంటే వెచ్చదనానికి ఒక బిల్లు, చలికి ఇంకో బిల్లు. బాగుందయ్యా నీ బేరం," అని ఆమె కప్పుని అతని చేతికి కాకుండా బల్ల మీద పెట్టింది.

ఇటలీ కొండల్లోని రీవాల్తా ఊళ్ళో దెల్ఫీనా గురించి ఒక మాట ఉంది: చర్చిలో పాపాలు చెప్పుకుని బయటికొస్తూ ఫాదర్‌గారిని రసీదు అడుగుతుందని. ఇందులో అబద్ధం కొంచెమే. కోడిగుడ్డుని వెలుగులో పెట్టి చూడకుండా పగలగొట్టని మనిషి ఆవిడ. పాలవాడు నవ్వితే పాలలో నీళ్ళు కలిపాడనీ, నవ్వకపోతే నీళ్ళలో పాలు కలిపాడనీ అనుకుంటుంది. డెబ్బై ఏళ్ళొచ్చాయి, అందులో రెండు మూడుసార్లు ఆమె అనుమానమే నిజమైంది కూడా, కాబట్టి ఇక ఆమెని మార్చడం ఎవరి తరమూ కాదు.

భర్త గ్వెర్రీనో దీనికి పూర్తిగా విరుద్ధం. ఎవరేది చెప్పినా నమ్ముతాడు, ఎవరూ ఏమీ చెప్పకపోతే తనే ఏదో ఊహించుకుని దాన్ని నమ్ముతాడు. కిందటి చలికాలం కట్టెల మోపుతో మంచు మీద జారిపడి, తుంటి ఎముక పట్టేసి నెల రోజులు మంచం మీద ఉన్నాడు. అందుకే ఇప్పుడీ పెల్లెట్ పొయ్యి. రంపపు పొట్టుని నొక్కి చేసిన గుళికల సంచీ తెచ్చి పైన పోస్తే చాలు, అదే కాస్త కాస్తగా తీసుకుని కాల్చుకుంటుంది. కట్టెలు కొట్టనక్కర్లేదు, మొయ్యనక్కర్లేదు.

లోరిస్ ఓపిగ్గా కూర్చుని చెప్పాడు. "చూడండి పిన్నిగారూ. వెనకటి కిటికీలకి సందులుండేవి, పొయ్యికి కావలసిన గాలి వాటిలోంచి వచ్చేది. మీరు మొన్న వేసవిలో రెండద్దాల కిటికీలు పెట్టించారు. ఇల్లు ఇప్పుడు మూత బిగించిన ఊరగాయ జాడీ. పొయ్యి మండాలంటే గాలి కావాలా? అది గదిలోంచే లాక్కుంటుంది. మీరు వంట చేస్తూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తారు. అదీ గదిలోంచే లాగుతుంది. ఇద్దరూ లాగితే బలమైనవాడు గెలుస్తాడు. ఫ్యాన్ గెలిచిందనుకోండి, పొయ్యిలోంచి పొగ గదిలోకొస్తుంది."

"వస్తే దగ్గుతాం. కిటికీ తీస్తాం."

"కనిపించే పొగైతే దగ్గుతారు. కనిపించనిదీ, వాసనే లేనిదీ ఒకటుందిగా."

కార్బన్ మోనాక్సైడ్ సంగతి ఆ లోయలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. రెండేళ్ళ కిందట పై ఊళ్ళో ఒక ముసలి జంట బల్ల దగ్గర కూర్చుని పేకాడుతూ పోయారు. తలుపు పగలగొట్టి చూస్తే చేతుల్లో పేకముక్కలు అలాగే ఉన్నాయట, ఆయనది గెలిచే ఆటట. ఆ మాట విన్నప్పటినుంచీ దెల్ఫీనా భర్తతో పేకాట మానేసింది.

"కన్నం లేకపోతే పొయ్యి క్షేమమని నేను కాగితం మీద సంతకం పెట్టను," అన్నాడు లోరిస్, కాఫీ ముగించి. "తరవాత మీ ఇష్టం."

కన్నం వెయ్యక తప్పదని తేలింది. కాని ఏ గోడకి? ఒకటి పక్క గదిది, రెండు పొయ్యికి దూరం, ఆ మూడు గోడలూ లెక్కలోకి రావు. మిగిలింది వెనక గోడ. దాని అవతల ఉమ్మడి పెరడు, పెరటికి అటుపక్క తార్చీజియో వాటా.

తార్చీజియో గ్వెర్రీనోకి తమ్ముడు, దెల్ఫీనాకి మరిది. మాటల్లేక పన్నెండేళ్ళయింది. అత్తగారు పోయినప్పుడు ఆవిడ పొలెంటా కలిపే రాగి బాన కనపడలేదు. మూడు తరాల బాన అది, పదిమందికి సరిపడా మొక్కజొన్న సంకటి అందులో ఉడికేది. తార్చీజియోనే ఎత్తుకుపోయాడని దెల్ఫీనా అంది. అనడం కూడా కాదు, అంత్యక్రియల భోజనంలో నలుగురి ముందూ అడిగింది. ఆయన చేతిలో చెంచా బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. అంతే, ఆ రోజునుంచి ఇటు మాట అటు లేదు. భార్య మాట దాటలేని గ్వెర్రీనో కూడా తమ్ముణ్ణి చూస్తే టోపీ సర్దుకోవడం వరకే. బార్‌లో ఇద్దరూ రెండు బల్లల దగ్గర కూర్చుంటారు. ఆ లోయలో అన్నదమ్ములు మాట్లాడుకోకపోవడం వింతేమీ కాదు, మాట్లాడుకునేవాళ్ళనే ఊరు అనుమానంగా చూస్తుంది.

ఉమ్మడి పెరట్లోకి గొట్టం తియ్యాలంటే ఆయన సరే అనాలి. లోరిస్‌ని రాయబారం పంపారు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"వేసుకోమన్నాడు."

"ఊరికే?" అంది దెల్ఫీనా.

"ఊరికే."

"ఒక్క ప్రశ్నైనా అడగలేదా?"

"గొట్టం ఎంత లావని అడిగాడు. మీ బొటనవేలూ చూపుడువేలూ చాచినంత అని చెప్పా. మంచిదన్నాడు."

"కొలత కూడా తీసుకున్నాడన్నమాట!" అంది ఆమె.

అన్నీ అయ్యాక తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది కానీ, ఆ క్షణంలో మాత్రం పన్నెండేళ్ళు పగబట్టినవాడు అడగ్గానే ఎందుకు ఒప్పుకున్నాడన్న పురుగు బుర్రలోకి దూరింది. కాదంటే ఎంత బాగుండేది! రెండు వారాలు పోట్లాడేది, మనసు కుదుటపడేది.

గోడ మందం రెండడుగులు, అంతా రాయే. వాన నీళ్ళు లోపలికి రాకుండా బయటివైపుకి కాస్త వాలుగా, లోరిస్ నీళ్ళు పోస్తూ పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తొలిచాడు. చివరికి గుండ్రటి రాతి ముక్క ఊడివచ్చి, పెరటి వెలుతురు కనిపించింది. గ్వెర్రీనో మొహం దగ్గరగా పెట్టి చూశాడు. గాలి రివ్వున కొట్టింది.

"దెల్ఫీ, ఇటు రాకు! మెడకి తగుల్తుంది!" అని అరిచి, తన మఫ్లర్ తీసి పరిగెత్తుకొచ్చి ఆమె మెడకి మూడు చుట్లు చుట్టాడు.

ఆ ఊళ్ళో గాలి దెబ్బంటే మాటలు కాదు. పంటి నొప్పినుంచి పిల్లల పరీక్ష తప్పడం దాకా అన్నింటికీ అదే కారణం. దెల్ఫీనాకి ఏటా చలి మొదట్లో మెడ పట్టేసి అయిదారు రోజులు తల తిరగదు. ఆ రోజుల్లో గ్వెర్రీనో ఆమె వెనక తలుపులు మూసుకుంటూ తిరుగుతాడు.

"చాలించు, ఊపిరాడట్లేదు," అని ఆమె కసిరింది. అతను మొహం చిన్నబుచ్చుకుని బార్‌కి పోయాడు.

తరవాతి పని చూసింది దెల్ఫీనా ఒక్కతే. కన్నంలోంచి వెండిరంగు మడతల గొట్టం ఒకటి తెచ్చి లోరిస్ నేరుగా పొయ్యి వీపుకి తగిలించాడు, చుట్టూ సందులు పూడ్చాడు. "ఇక గదిలోకి పిసరంత గాలి కూడా రాదు. బయటిగాలి బయటినుంచే పొయ్యి నోట్లోకి పోతుంది," అన్నాడు. ఆమె నమ్ముతుందా? కొవ్వొత్తి వెలిగించి గోడ పొడుగునా పట్టి చూసింది. మంట వణకలేదు. బయట గొట్టం చివర వల మూత పెట్టి, ఆకులూ మంచూ అడ్డుపడితే తిప్పి తీసి శుభ్రం చేసుకోమని చూపించి, కాగితం మీద సంతకం పెట్టి లోరిస్ వెళ్ళిపోయాడు. పొయ్యి మూడు వారాలు ముద్దుగా మండింది. మంట పసుపుపచ్చగా, అద్దం తళతళా. అనుమానించడానికి ఏమీ దొరక్క దెల్ఫీనాకే తోచలేదు.

నవంబర్ చివర్లో ఆమె మెడ పట్టేసింది. రెండు రోజులకే తగ్గింది, ఎప్పుడూ లేని విధంగా. కాని మెడ తగ్గాక తలనొప్పి పట్టుకుంది. పొద్దున్న ఉండదు, మధ్యాహ్నం ఉండదు. సాయంత్రం దీపాలు పెట్టాక మొదలవుతుంది, వంట చేసి ఫ్యాన్ కట్టేదాకా పోటు. పొయ్యిలో మంట బద్ధకంగా, ఎర్రగా ఊగుతోంది. అద్దం మీద మసి.

ముందు పెల్లెట్లని అనుమానించింది. తడి పొట్టు కలిపారని సంచీ విప్పి గుళికలు నీళ్ళలో వేసి చూసింది, కొరికి కూడా చూసింది. బాగానే ఉన్నాయి. తరవాత లోరిస్‌ని అనుమానించి పిలిపించింది. అతను పొద్దున పదింటికి వచ్చి, పొయ్యి విప్పి, బయటికెళ్ళి వల మూత తీసి, చెయ్యి పెట్టి చూశాడు. అంతా శుభ్రం.

"పిన్నిగారూ, ఒక మాటడుగుతా, కోప్పడకండి," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "మీరు కన్నంలో ఏమైనా కుక్కుతున్నారా?"

"నా ప్రాణానికి నేనే గుడ్డ కుక్కుకుంటానా?"

"అందరూ అదే అంటారు. కిందటేడు ఒకరింట్లో మేజోళ్ళు, ఇంకొకరింట్లో పాత పేపర్లు, ఒకాయన ఇంట్లో ఏకంగా స్వెటర్ లాగాను. తనిఖీకొస్తున్నారంటే ఆ పూటకి తీసేస్తారు, వాళ్ళ బండి మలుపు తిరగ్గానే మళ్ళీ పెట్టేస్తారు. మనవాళ్ళకి చావు భయం కన్నా గాలి దెబ్బ భయం ఎక్కువ."

"నేను కొవ్వొత్తి పెట్టి చూసినదాన్ని. నాకు చెప్పకు."

"అయితే మంచిదే. విషగాలి వస్తే కూసే చిన్న పెట్టె ఒకటుంది, గోడకి తగిలిస్తా..."

"ఇంకోటి అమ్ముతున్నావా?" అంది. లోరిస్ సంచీ సర్దుకున్నాడు.

అతను వెళ్ళాక దెల్ఫీనా బంగాళాదుంపలు తరుగుతూ కూర్చుంది కానీ, చెయ్యి ఒక చోట, మనసు ఒక చోట. కన్నంలో ఏమైనా కుక్కుతున్నారా అని అడిగాడు. తను కుక్కలేదు. మరి పెరట్లోకి వచ్చేది ఇంకెవరు? గొట్టం లావెంతని అడిగింది ఎవరు? ఆమె కత్తి కింద పెట్టేసింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఇంటి అవతలి సగం ఎవరిది? తార్చీజియోది. ఇవతలి సగంలో ముసలివాళ్ళిద్దరూ ఒక సాయంత్రం నిద్రపోయి లేవకపోతే ఇల్లంతా ఎవరిది? పిల్లలు లేరు కదా. ఈ లెక్కకి కాగితం కూడా అవసరం లేకపోయింది. భర్తతో చెబుదామా అనుకుంది. చెప్తే అతను నమ్మేస్తాడు, నమ్మి ఏడుస్తాడు, ఏడ్చి బార్‌లో అందరికీ చెప్తాడు. వద్దనుకుంది. ముందు దొంగని పట్టుకోవాలి.

డిసెంబర్ రెండో వారంలో తార్చీజియో కిటికీ తలుపులు మూసుకున్నాయి. ఒక రోజు, రెండు రోజులు. కారు లేదు. పొగగొట్టంలో పొగ లేదు. ఆ రోజుల్లోనే పొయ్యి మరీ పాడైంది. ఇప్పుడు పొద్దునా అదే, మధ్యాహ్నమూ అదే. అద్దం నల్లబడిపోయింది. నాలుగో రోజు భోజనాల వేళ గ్వెర్రీనో ఫోర్కు చేతిలోంచి జారి కింద పడింది.

"ఏమైంది?"

"నిద్రొస్తోంది దెల్ఫీ," అన్నాడతను, తప్పు చేసిన పిల్లాడిలా నవ్వి. పెదాలు అదోలా ఎర్రగా ఉన్నాయి. తల బల్ల మీదికి వాలుతోంది.

అతని చేతిలో పేకముక్కలు లేవు, అయినా దెల్ఫీనాకి అవే కనిపించాయి. లేచి, తూలి, గోడ పట్టుకుని వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. మంచుగాలి గదిలోకి దూకింది. గ్వెర్రీనో కళ్ళు తెరిచి, "మెడ, మెడ" అంటూ లేవబోయాడు. "కూర్చో!" అని అరిచి, పొయ్యి ఆర్పి, అతన్ని కిటికీ దగ్గరికి కుర్చీతో సహా లాగి, చలికోటు కప్పింది. అతని బుగ్గల్లోకి మామూలు రంగు వచ్చేదాకా నిలబడి చూసింది. అప్పుడు పెరట్లోకి పరిగెత్తింది.

వల మూత తిప్పి చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పోయాక మెత్తగా తగిలింది. లాగితే గుడ్డ వచ్చింది. బూడిదరంగు గళ్ళ ఫ్లానెల్, మడతపెట్టి కుక్కినది. అటువంటి చొక్కాలు ఆ ఊరి మగాళ్ళందరికీ ఉన్నాయి, ఒకే సంతలో ఒకే కొట్టులో కొంటారు. దెల్ఫీనాకి మాత్రం అది ఎవరిదో తెలిసిపోయింది. ఊళ్ళో లేనట్టు సాక్ష్యం ఉండాలని, పెట్టేసి మరీ పోయాడు! గుడ్డని పిండి డబ్బాలో దాచింది. రేపు పోలీసులకి చూపించాలంటే ఆధారం ఉండాలిగా.

ఆ సాయంత్రమే తార్చీజియో కారు వచ్చింది. ఆయన నల్లద్దాలు పెట్టుకుని దిగాడు. డిసెంబర్‌లో, ఎండే లేని పూట, నల్లద్దాలు! ఆమె కిటికీ సందులోంచి చూసి, మనిషి మొహం దాచుకుంటున్నాడంటే సగం ఒప్పుకున్నట్టే అనుకుంది. గాలి బాగా ఆడించి మళ్ళీ పొయ్యి వెలిగించింది. గంట గడిచింది. అద్దం మీద మసి మొదలైంది. వచ్చాడు, పెట్టాడు! ఇంతకన్నా రుజువేం కావాలి? పొయ్యి ఆర్పేసి, కిటికీ ఓరగా తెరిచి, "ఈ రోజుకి దుప్పట్లు చాలు" అంది. గ్వెర్రీనో రెండు దుప్పట్లూ ఆమె మెడకే చుట్టాడు.

పొద్దున ఏడున్నరకి, మంచు మీద వెలుగు పడీ పడకుండానే, ఆమె తలుపు వెనక కాచుకుని ఉంది. చేతిలో పొయ్యి కెలికే ఇనప ఊచ. తార్చీజియో తన గుమ్మంలోంచి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ఆ చూపు ఒక్కటి చాలు ఉరి తియ్యడానికి. నేరుగా గొట్టం దగ్గరికెళ్ళి, మూత తిప్పి, చెయ్యి లోపల పెట్టాడు.

"దొరికావురా!" అని ఆమె ఇంటి చెప్పులతోనే మంచులోకి దూకింది. "చెయ్యి తియ్యకు! అలాగే ఉండు!"

ఆయన చెయ్యి తీశాడు. చేతిలో గుడ్డ ఉంది. ఆమెకేసి, ఇనప ఊచకేసి చూసి, పన్నెండేళ్ళ తరవాత మొదటి మాట అన్నాడు.

"మా అన్నయ్య లేచాడా?"

"ఎందుకు, పోయాడనుకున్నావా?"

"అది నువ్వే చెప్పాలి," అన్నాడు తార్చీజియో. "ఎన్నాళ్ళనుంచి పెడుతున్నావ్ ఈ గుడ్డ?"

"నేనా? నేను పెడుతున్నానా?"

"మరి దయ్యాలు పెడుతున్నాయా? రోజూ పొద్దున నేను తీస్తున్నా, రోజూ రాత్రికి మళ్ళీ ఉంటోంది. ముప్ఫై ఏళ్ళు సొరంగాల్లో పనిచేసిన వాణ్ణి. గాలి లేకపోతే ఏమవుతుందో నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు. అందుకే కన్నం అనగానే సరే అన్నా, గొట్టం సరిపోతుందో లేదో అడిగా. నవంబర్ చివర్లో మొదటి గుడ్డ కనపడింది. నీ పిసినారితనం అనుకున్నా. రోజూ మళ్ళీ పెడుతుంటే ఇది పిసినారితనం కాదు, ఇంకేదో ఉందనుకున్నా. అన్నయ్య పెన్షన్ మీద కన్నేశావనుకున్నా." గబగబా లోపలికెళ్ళి ప్లాస్టిక్ సంచీ తెచ్చి ఆమె మొహం ముందు ఆడించాడు. "ఇవిగో, పద్నాలుగున్నాయి! ఒక్కోదానికీ తారీఖు రాసిన చీటీ కట్టా, పోలీసులకిద్దామని!"

"నా దగ్గరా ఉంది! పిండి డబ్బాలో దాచా, నిన్ను పట్టిద్దామని!"

"నన్నా? సొంత అన్నని చంపుకుంటానా?"

"సొంత మొగుణ్ణి చంపుకుంటానా?"

సంచీ మూతి తెరుచుకుంది. పైనున్న గుడ్డకి ఒక కాజా ఉంది, దాని చుట్టూ ఎర్రదారం కుట్టు. దెల్ఫీనా చెయ్యి చాచి దాన్ని తీసుకుంది. ఆరేళ్ళ కిందట ఇంట్లో తెల్లదారం అయిపోయి, సంతకి వెళ్ళడానికి బద్ధకించి, ఎర్రదారంతో తనే కుట్టింది ఆ కాజా. గుండె మీద గాయం తగిలినట్టుందని గ్వెర్రీనో వారం రోజులు ఊరందరికీ చూపించాడు.

ఆమె సంచీ లాక్కుని ఇంట్లోకి నడిచింది. వెనకే తార్చీజియో. గ్వెర్రీనో కాఫీ పెడుతున్నాడు. సంచీ బల్ల మీద కుమ్మరించేసరికి అతని మొహం వెలిగిపోయింది.

"అరె, దొరికాయా! ఎక్కడ? ఉడుతలు ఎత్తుకుపోతున్నాయనుకున్నానే! గూట్లో పరుచుకోవాలిగా పాపం, చలికాలం." అప్పుడు తమ్ముణ్ణి చూశాడు. "తార్చీజియో! నువ్వేంట్రా మా ఇంట్లో?"

"నువ్వా పెట్టింది?" అంది దెల్ఫీనా.

"నేనే. నీ మెడ పట్టేసిందిగా ఆ రోజు. అంత కన్నంలోంచి గాలి కొడుతుంటే పట్టెయ్యదూ? కోళ్ళని మూసొచ్చేటప్పుడు రోజూ నా పాత చొక్కా ముక్క ఒకటి పెట్టొచ్చేవాణ్ణి. చెప్తే తిడతావని చెప్పలా. తగ్గిందిగా మెడ!" అన్నాడు గొప్పగా. "తలనొప్పంటే గాలి ఇంకా వస్తోందేమోనని, కాస్త లోపలికే కుక్కాను."

దెల్ఫీనా అతని చెయ్యి పట్టుకుని పొయ్యి వెనక్కి లాక్కెళ్ళి, వెండిరంగు గొట్టం చూపించింది. ఆ కన్నం గదిలోకి కాదు, నేరుగా పొయ్యిలోకి పోతుందని చెప్పింది. కొవ్వొత్తి వెలిగించి గోడ పక్కన పట్టింది. మంట నిటారుగా నిలబడింది. గ్వెర్రీనో ఫోర్కు జారిపోయిన చెయ్యిని మరో చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదే," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు అడగలేదే!"

కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దాని కన్నా ముందు భయం వచ్చింది. ఇన్నాళ్ళూ శత్రువు పెరటి అవతల ఉన్నాడని తలుపు వెనక కాచుకుని కూర్చుంటే, చావు ఇంట్లోనే, రోజూ సాయంత్రం కోళ్ళని మూసొచ్చి, ప్రేమతో తన మెడకి దుప్పటి చుడుతోంది. దాన్ని రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి లాగి పారేసినవాణ్ణి తను ఊచ పట్టుకుని పొడవబోయింది. ఆమె కుర్చీలో కూలబడి, ఎర్రకాజా గుడ్డతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. గ్వెర్రీనో ఏం చెయ్యాలో తెలీక వెళ్ళి కిటికీ వెయ్యబోయి, మళ్ళీ భయపడి తెరిచి, అక్కడే నిలబడిపోయాడు.

ఏడుపు ఆగాక ఆమె మరిది మీద పడింది. "నాలుగు రోజులు ఎక్కడికి పోయావు నువ్వు? ఆ నాలుగు రోజులూ గుడ్డ కన్నంలోనే ఉంది తెలుసా? ఇంకో పూటైతే నీ అన్న లేడు!"

తార్చీజియో నల్లద్దాలు తీశాడు. ఎడమ కన్ను వాచి, ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉంది. "ఊదినె పట్నం ఆస్పత్రిలో. శుక్లం తీశారు."

"కంటి ఆపరేషన్‌కి ఒక్కడివే వెళ్ళావా? చెప్పి వెళ్ళొద్దూ?"

ఆయన ఆమెకేసి, అన్నకేసి చూశాడు.

"ఎవరికి చెప్పను వదినా?"

కాఫీ పొంగి గ్యాస్ పొయ్యి మీద పడింది. దెల్ఫీనా లేచి మంట తగ్గించి, అలమరలోంచి మూడో కప్పు తీసి, కడిగినదే అయినా మళ్ళీ కడిగి, ఆయన ముందు పెట్టింది.

లోరిస్ మర్నాడే వచ్చి విషగాలికి కూసే పెట్టె గోడకి తగిలించాడు. దెల్ఫీనా అది నిజంగా కూస్తుందో లేదో మూడుసార్లు మీట నొక్కి చూసుకుంది. మూడోసారికి కోళ్ళు కూడా అరిచాయి.

జనవరిలో తార్చీజియో రెండో కంటికి వెళ్ళాడు. ఈసారి గ్వెర్రీనో తోడు వెళ్ళాడు. బస్సెక్కే ముందు తార్చీజియో తన ఇంటి తాళంచెవి దెల్ఫీనా చేతిలో పెట్టాడు.

"నా వంటింట్లోనూ ఒక కన్నం ఉంది వదినా. రోజూ ఓసారి చూస్తుండు. ఊళ్ళో ఉడుతలు ఎక్కువయ్యాయిట."

మొదటి రోజు పొద్దున ఏడున్నరకి ఆమె ఆ తలుపు తీసింది. పన్నెండేళ్ళలో అడుగుపెట్టని వంటిల్లు. కన్నంలో చెయ్యి పెట్టింది, అరచేతికి చల్లటి గాలి ధారాళంగా తగిలింది. పని అయిపోయింది. కాని ఎదురుగా అత్తగారి పాత అలమర ఉంది. రాగి బాన పట్టేంత పెద్దది, తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. అది అందులోనే ఉందని పన్నెండేళ్ళుగా ఆమె ప్రమాణం చేసి చెప్పగలదు. ఇంట్లో ఎవరూ లేరు. అలమరకి తాళం కూడా లేదు.

దెల్ఫీనా దాని ముందు కాసేపు నిలబడింది. తలుపు తియ్యలేదు. తియ్యాలనిపించలేదంటే అబద్ధం. బయటికొచ్చి తాళం వేసి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.